ఔట్ ఇచ్చిన పిల్లగాడు
(డైరీ పుటలు)

2025 మార్చి 13, గురువారం. కొండాపూర్

జూన్ 1 గడువు మా ఫ్లోర్‌లో అందరి నోటా నానుతోంది. ఆ రోజు నుంచి కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 25 మంది ఉద్యోగులున్న చిన్న సంస్థ మీదికి కూడా ఫ్రెంచి భాషా చట్టం నిబంధనలు వస్తాయి. ఇన్నాళ్లూ ఆ లెక్క 50 నుంచి మొదలయ్యేది. 2022లో తెచ్చిన చట్టం దాన్ని సగానికి దించింది. మా క్లయింట్ ఉండేది మాంట్రియల్‌లో. వాళ్ల సాఫ్ట్‌వేర్ కొనుక్కునే చిన్న కంపెనీలు చాలా ఇప్పుడు ఈ లెక్కలోకి వస్తాయి. అందుకే మాదాపూర్‌లో కూర్చుని నేనూ నా టీమూ ప్రతి స్క్రీన్‌నీ ఫ్రెంచిలో తెరిచి చూస్తున్నాం. బటన్‌లో మాట పట్టక బయటికి పొంగిందా, అక్షరం నెత్తిన ఉండాల్సిన గుర్తు ఎగిరిపోయిందా, ఎర్రర్ మెసేజ్ ఒక్కటైనా ఇంగ్లీషులో మిగిలిందా. మిగిలితే రిలీజ్ ఆగుతుంది.

"అక్కడ ఇంగ్లీషు అందరికీ వచ్చు కదా అక్కా, ఎందుకింత పట్టుదల?" అని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. సాయంత్రం ఆరున్నర కాల్‌లో, వాళ్లకది ఉదయం తొమ్మిది, అదే ప్రశ్న కాస్త మర్యాదగా నేనూ అడిగాను. అవతల రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ పెద్దాయన. చట్టం ఊసే ఎత్తలేదు. "వచ్చే సోమవారానికి 70 ఏళ్లు" అన్నాడు. ఐస్ హాకీ ఆటలో రేగిన గొడవ గురించి. వాళ్ల నాన్న ఆ రాత్రి ఆ వీధిలో ఉన్నాడట.

మార్చి 15, శనివారం

నిన్న హోలీ సెలవు. రోజంతా ఆ గొడవ గురించి చదువుతూనే ఉన్నాను.

ఆ గొడవకు కేంద్రం మోరిస్ రిషార్, మాంట్రియల్ జట్టు ఆటగాడు. జనం పెట్టుకున్న పేరు 'రాకెట్'. తండ్రి కెనడియన్ పసిఫిక్ రైల్వేలో వడ్రంగి. కొడుకు 1944-45 సీజన్‌లో 50 ఆటల్లో 50 గోల్స్ కొట్టాడు. అప్పటిదాకా ఎవరికీ సాధ్యం కాని పని. ఆ రోజుల్లో మాంట్రియల్‌లో ఎక్కువమంది ఇళ్లలో ఫ్రెంచి మాట్లాడతారు. బ్యాంకులు, పెద్ద ఫ్యాక్టరీలు, పెద్ద దుకాణాలు మాత్రం ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉన్నాయి. ఫ్యాక్టరీలో మేస్త్రీతో మాట్లాడాలంటే ఇంగ్లీషు రావాలి. 1961 నాటి లెక్కలు తీసి చూస్తే, క్యూబెక్‌లోనే ఫ్రెంచి మూలాల మగవాళ్ల సగటు ఆదాయం మిగతా జాతుల వరుసలో అట్టడుగుకు దగ్గరగా ఉందని ఆ తర్వాత ఒక ఫెడరల్ కమిషనే తేల్చింది. సొంత నేల మీద, సంఖ్యలో తామే ఎక్కువై ఉండి కూడా. అలాంటి ఊళ్లో వారానికి రెండు సాయంత్రాలు తమవాడొకడు మంచు మీద అందర్నీ దాటుకుంటూ పోతుంటే జనానికి ఎలా ఉండేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

హాకీ లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్. ఇంగ్లీషు మనిషి, ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ స్కాలర్, యుద్ధం తర్వాత నాజీ నేరస్థుల మీద కేసులు నడిపిన లాయరు. చెడ్డవాడని నేను రాయలేను. కానీ రిషార్ ఒక ఫ్రెంచి వారపత్రికలో కాలమ్ రాసేవాడు. అందులో క్యాంప్‌బెల్‌ను నియంత అన్నందుకు 1954లో అతని చేత క్షమాపణ చెప్పించి, 1,000 డాలర్లు హామీ కట్టించుకుని, ఆ కాలమ్ మాన్పించారు. గొడవ పుట్టిన చోటు ఇదేనని నాకనిపిస్తోంది. ఆడే హక్కు తీసేయడానికి ఏడాది ముందే అతని భాషలో అతను రాసుకునే నాలుగు ముక్కలు తీసేశారు.

మార్చి 17, సోమవారం

ఇవాళ్టికి సరిగ్గా 70 ఏళ్లు. కాల్ మొదలవగానే పెద్దాయనకు ఆ మాట చెప్పాను. సంతోషించాడు.

1955 మార్చి 13న బోస్టన్‌లో ఆట. హాల్ లేకో అనే ఆటగాడి కర్ర తగిలి రిషార్ తల చిట్లింది. రిషార్ కర్రతో అతని మీదికి వెళ్లాడు. ఆపబోయిన లైన్స్‌మన్ ముఖం మీద గుద్దాడు. ఆట నడిపే అధికారిని కొట్టినవాడికి శిక్ష పడాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. 16న క్యాంప్‌బెల్ తీర్పు చెప్పాడు. సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ, ఆ తర్వాతి ప్లేఆఫ్స్ మొత్తం నిషేధం. ఆ సంవత్సరం ఆటగాళ్ల పాయింట్ల పట్టికలో రిషార్ అందరికన్నా ముందున్నాడు. జీవితంలో ఎప్పుడూ దక్కని ఆ టైటిల్ చేతిదాకా వచ్చి పోయింది.

17న మాంట్రియల్ ఫోరమ్‌లో డెట్రాయిట్‌తో ఆట. రావద్దని సలహాలిచ్చినా క్యాంప్‌బెల్ వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. గుడ్లు, టమాటాలు పడ్డాయి. ఒకడు దగ్గరికి వచ్చి చేయి చేసుకున్నాడు. ఇంతలో ఎవరో విసిరిన బాష్పవాయువు గుండు పేలింది. ఆట ఆపేసి డెట్రాయిట్ గెలిచినట్టు ప్రకటించారు. హాలులోని జనం, బయట అప్పటికే పోగైన జనం కలిసి సెంట్ కాథరిన్ వీధి పొడవునా దుకాణాల అద్దాలు పగలగొట్టుకుంటూ పోయారు. నష్టం లక్ష డాలర్ల దాకా అని అంచనా. డజన్ల కొద్దీ జనం అరెస్టయ్యారు, చాలామంది కుర్రాళ్లే. మర్నాడు రిషార్ స్వయంగా రేడియోలో మాట్లాడి, ఇక ఆపమని, వచ్చే ఏడు తిరిగొచ్చి కప్పు గెలవడానికి సాయపడతానని చెబితే ఊరు చల్లబడింది.

తర్వాత జరిగిన ఒక విషయం నన్ను కుదిపింది. పాయింట్ల టైటిల్ రిషార్‌ను ఒక్క పాయింట్ తేడాతో దాటిన జెఫ్రియన్‌కు దక్కింది. అతనూ అదే జట్టు, అతని ఇంటి భాషా ఫ్రెంచే. ఆ పాయింట్లు సాధించినందుకు సొంత జనమే అతని మీద అరిచి అవమానించారు. కోపం పైవాడి మీద పుట్టి పక్కవాడి మీద పడింది.

రిషార్ జట్టు ఆ సంవత్సరం కప్పు పోగొట్టుకుంది గానీ 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. పత్రికా సంపాదకుడు ఆంద్రే లోరాందో గొడవైన నాలుగు రోజులకే 'ల దెవ్వార్'లో ఇది ఒక్క హాకీ గురించి కాదని రాశాడు. 1960 తర్వాత క్యూబెక్ చదువులు, కరెంటు, ఆస్పత్రులు అన్నిటినీ మార్చుకుంది. 1977లో ఫ్రెంచి భాషా చార్టర్ వచ్చింది. పని చేసే చోట ఫ్రెంచి ఉద్యోగి హక్కయింది. 1990లలో అందులోకి సాఫ్ట్‌వేర్ కూడా చేరింది. మా బటన్ల పని అక్కడి నుంచి వచ్చిందే. ఆ రాత్రి అద్దాలు పగలడం వల్లే ఇదంతా జరిగిందంటే చరిత్రకారులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. అన్యాయం అప్పటికే నిండుగా ఉంది, హాకీ దానికి ఒక చోటు చూపించింది. చార్టర్‌కు మూల్యం కూడా పడింది. 1978లో సన్ లైఫ్ బీమా సంస్థ తన ప్రధాన కార్యాలయాన్ని టొరంటోకు మారుస్తానని ప్రకటించింది. దాని వెంట చాలామంది ఇంగ్లీషు వాళ్లు కదిలారు. అయినా యుద్ధం లేకుండానే ఒక భాష తన ఆఫీసులోకి తాను వెళ్లగలిగింది. అది చిన్న సంగతి కాదు.

మార్చి 20, గురువారం

క్యాంటీన్‌లో పక్క టేబుల్ దగ్గర తమిళనాడు బడ్జెట్ మీద వాదన. తమిళనాడు ప్రభుత్వం ఈ ఏడు బడ్జెట్ లోగోలో రూపాయి గుర్తు తీసి తమిళ అక్షరం పెట్టింది. ఇంకొకరు బెంగళూరు జట్టు సంగతి తీశారు. నాలుగు నెలల కింద ఆ జట్టు హిందీలో సోషల్ మీడియా ఖాతా తెరిస్తే కన్నడ అభిమానులు అగ్గిమీద గుగ్గిలం అయ్యారు. ఐపీఎల్ ఎల్లుండి మొదలవుతుంది.

నాకు 2013 గుర్తొచ్చింది. మన సన్‌రైజర్స్‌కు అది మొదటి సీజన్, కెప్టెన్ కుమార సంగక్కర. లంక ఆటగాళ్లు చెన్నైలో ఆడటానికి వీల్లేదని ఆ మార్చిలో తేల్చారు. కెప్టెన్ లేకుండానే జట్టు చెపాక్‌కు పోయింది. ఈ కథ మొదలు కొలంబోలో ఉంది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అన్నారు. తమిళులకు కొంత చోటిస్తామన్న ఒప్పందాన్ని రెండేళ్లలో చించేశారు. 1958లో ఊచకోతలు, 1983 జూలైలో మళ్లీ, ఆపైన 2009 దాకా యుద్ధం. మాంట్రియల్‌లో చట్టమైన కోపం లంకలో శవాలైంది. అక్కడ ఎవరో విన్నారు, లంకలో వినలేదు. వేరే తేడా నాకు కనబడలేదు.

చెన్నై నిషేధం ఎవరికి తగిలిందో చూస్తే మనసు ఒప్పదు. ముత్తయ్య మురళీధరన్ కాండీలో పుట్టిన తమిళుడు. అప్పుడు బెంగళూరుకు ఆడేవాడు. తమిళుల కోసం పెట్టిన నిషేధంలో తమిళుడైన అతనూ చెన్నైకి దూరమయ్యాడు. అంతకు ముందు సెప్టెంబరులో, 2012లో, కొలంబో రాయల్ కాలేజీ నుంచి ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చిన బడిపిల్లల్ని వెనక్కి పంపేశారు. స్టేడియం ఇచ్చిన అధికారిని సస్పెండ్ చేశారు. 1956లో చట్టం చేసినవాళ్లకు ఆ పిల్లలు ఏమవుతారు?

మార్చి 23, ఆదివారం

ఉప్పల్‌లో మన జట్టు 286 కొట్టింది. ఇషాన్ కిషన్ సెంచరీ. పట్నాలో పుట్టిన పిల్లవాడి పేరు గేటెడ్ కమ్యూనిటీ అంతా కేకలై మోగింది. పెద్దబాపు జనగామ నుంచి కంటి చెకప్‌కు వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. టీవీ ముందు కూర్చున్నాడే గానీ మనసు వేరే స్టేడియంలో ఉంది.

1969 అక్టోబరు, న్యూజిలాండ్‌తో టెస్టు. ఆయన నిజాం కాలేజీ విద్యార్థి. గోడ దాటితే లాల్ బహదూర్ స్టేడియం, రెండేళ్ల కిందటి దాకా ఫతే మైదాన్. కెప్టెన్ పటౌడీ రంజీలో హైదరాబాద్‌కే ఆడేవాడు. పిచ్ మీద గడ్డి కోయాల్సిన రోజు అంపైర్లు కోయించలేదు, తర్వాత కోయడానికి అవతలి కెప్టెన్ డౌలింగ్ ఒప్పుకోలేదు. ఇండియా 89కి ఆలౌట్. ఆ రోజే ఒక పిల్లవాడు సంబరంతో మైదానంలోకి ఉరికితే భద్రతా సిబ్బంది కొట్టారు. నెత్తురు చూసి స్టాండ్లు లేచాయి. కుర్చీలు మైదానంలో పడ్డాయి. ఆఖరి రోజు వాన పడకపోతే మనం ఓడేవాళ్లం. 76కే 7 వికెట్లు పోయాయి.

"గా యేడాది మొత్తం మేం తుపాకులు జూసినం బిడ్డా. జనవరి సంది తెలంగాణ కావాలని రోడ్ల మీదనే ఉంటిమి. నా పక్క బెంచీల కూసునేటోడు కాల్పుల్ల పోయిండు. గా పోరన్ని కొట్టంగ జూస్తె ఆగుతదా?"

రికార్డుల్లో ఉన్నది పిల్లవాడు, దెబ్బ, కుర్చీలు. ఉద్యమానికీ ఆ సాయంత్రానికీ ముడి వేసింది పెద్దబాపు. ఆయన కళ్లతో చూసినవాడు గనుక రాసి పెడుతున్నాను, రుజువని చెప్పను. 1969లో అడిగింది ఉద్యోగాలు, ముల్కీ (స్థానికుల) రక్షణలు. కానీ ఒకే తెలుగులో ఒకరిది పాఠ్యపుస్తకం, ఇంకొకరిది సినిమాలో రౌడీకీ నవ్వులాటకూ పనికొచ్చే యాస అన్న బాధ ఆ అడుగున ఉంది. పుస్తకాల్లో ఉన్నది రెండున్నర జిల్లాల భాష అని కవి కాళోజీ ఊరికే అనలేదు. ఇంటర్‌లో నేను క్లాసులో లేచి జవాబు చెబితే జవాబుకు ముందు నవ్వు వినిపించేది. మాంట్రియల్ పెద్దాయన కూడా అన్నాడు, ప్యారిస్ వెళ్తే తన ఫ్రెంచికి నవ్వుతారని.

2009 మేలో జోహన్నెస్‌బర్గ్‌లో కప్పు గెలిచిన డెక్కన్ చార్జర్స్, 2010లో ఛాంపియన్ హోదాలో సొంత ఊళ్లో ఒక్క ఆట ఆడలేదు. ఉద్యమం వల్ల ఆటల్ని నాగపూర్‌కు, కటక్‌కు, నవీ ముంబైకి తరలించారు. ఉప్పల్ గేట్ల దగ్గర జెండాలు, మురుకులు అమ్ముకునేవాళ్లకు ఆ వేసవి లేకుండా పోయింది.

మార్చి 26, బుధవారం. అర్ధరాత్రి

రాత్రి పదింటికి కొండాపూర్‌లో బాక్స్ క్రికెట్. మా ప్రాజెక్టుకూ పై ఫ్లోర్ వాళ్లకూ. నేను ఫోన్‌లో స్కోరు రాస్తున్నాను. అంపైర్ ఆ టర్ఫ్‌లో పనిచేసే పిల్లగాడు, అచ్చంపేట దగ్గరి ఊరు, ఇరవై కూడా ఉండవు. ఆఖరి ఓవర్లో రనౌట్. "ఔటన్నా, గీతకు రాలే" అన్నాడు. బ్యాటర్ పట్నా కుర్రాడు, తెలివైనవాడు, మంచివాడు కూడా. "హిందీ మే బోల్ నా" అన్నాడు విసురుగా. పిల్లగాడు మళ్లీ తెలుగులోనే చెప్పాడు, ఈసారి గొంతు వణికింది. "ఇత్‌నా భీ నహీ ఆతా?" అని నవ్వారు అటువైపు. మా కరీంనగర్ తమ్ముడు నెట్ దగ్గర నుంచి అందుకున్నాడు: "తెలుగు రానోనికి ఈడేం పని?" క్షణంలో పదహారు మందీ ఒక్క దగ్గరికి వచ్చారు. ఒకరి చేతిలో బ్యాటు పైకి లేచింది. సరిగ్గా పదకొండు కావడంతో స్లాట్ అయిపోయి లైట్లు ఆరాయి. అందుకని ఎవరి తలా పగల్లేదు. వేరే కారణం లేదు.

పడుకునే ముందు వాట్సాప్ చూశాను. రెండు గ్రూపుల్లోనూ రెండు రకాల విషం. ఒకడు 'గో బ్యాక్' అని పెట్టాడు. ఆ మాట ఈ ఊరికి పాతది. 1952లో నాన్ ముల్కీ గో బ్యాక్, ఇడ్లీ సాంబార్ గో బ్యాక్ అన్నప్పుడు సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. విద్యార్థులు చచ్చిపోయారు. జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. ఆ మెసేజ్ పెట్టిన 28 ఏళ్ల ఇంజనీరుకు ఇదేదీ తెలియదు, కేక మాత్రం తెలుసు.

మార్చి 28, శుక్రవారం

హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. అనుచిత ప్రవర్తన అని రాశారు. కార్పొరేట్ టోర్నమెంట్ రద్దు. భాష అన్న మాట మెయిల్ మొత్తంలో ఎక్కడా లేదు. పేరు పెట్టని జబ్బుకు మందెవరిస్తారు? మీటింగ్‌లో ఈ మాటే అన్నాను. జట్లను ప్రాజెక్టుల ప్రకారం కాకుండా చీట్లు తీసి కలపండి, అంపైర్ ఏ భాషలో చెప్పినా అదే ఆఖరి మాటని రాసి పెట్టండి, ఆట మాత్రం ఆపకండి అన్నాను. నోట్ చేసుకున్నారు.

పట్నా కుర్రాడు మధ్యాహ్నం నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. వాళ్ల నాయనమ్మ మగహీ మాట్లాడుతుందట. బడిలో అతను ఆ మాట ఎత్తితే పల్లెటూరివాడని నవ్వేవారట. "ఆ పిల్లాడి మొహం చూస్తే అదే గుర్తొచ్చింది, కానీ అప్పటికే అనేశాను" అన్నాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ ఐటీ కారిడార్‌లో గేటు దగ్గర సెల్యూట్ కొట్టే ఒడియా గార్డు, అంతస్తులు కట్టే జార్ఖండ్ కూలీ, అచ్చంపేట పిల్లగాడు, వీళ్లలో ఎవరికీ ఇంటి భాష హిందీ కాదు, ఇంగ్లీషు కాదు. వాళ్ల మీదుగానే మేం రెండు పెద్ద భాషల యుద్ధం చేసుకుంటున్నాం.

మార్చి 30, ఆదివారం. ఉగాది

పచ్చడి తిని పెద్దబాపును బస్సెక్కించి, తిరుగుదారిలో టర్ఫ్ దగ్గర ఆగాను. పిల్లగాడు లేడు. ఆ రాత్రే మానేయమన్నారట. "కస్టమర్లతోని పంచాయితీ పెట్టుకుంటే ఎట్ల మేడం" అన్నాడు ఓనర్. బ్యాటెత్తినవాడికి ఒక మెయిల్, గో బ్యాక్ అన్నవాడికి అది కూడా లేదు. సరిగ్గా చూసి సరిగ్గా ఔటిచ్చినవాడి ఉద్యోగం పోయింది. 1969లో దెబ్బ తిన్న పిల్లవాడి పేరు ఏ స్కోరు కార్డులోనూ ఉండదు. కొలంబో బడిపిల్లలు ఏ చట్టమూ చేయలేదు. ఇంత చదివిన తర్వాత నాకు తెలిసిందొక్కటే, కారణం ఎంత పైనుంచి వచ్చినా దెబ్బ ఎప్పుడూ అందరికన్నా కిందున్నవాడికే తగులుతోంది. నాకు చాలా కోపంగా ఉంది.

ఈ ఫిబ్రవరిలో మన ప్రభుత్వం సీబీఎస్‌ఈ బళ్లలో కూడా తెలుగు తప్పనిసరి అని, తేలికపాటి 'వెన్నెల' వాచకం వాడుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. మంచి పని. ఆ పుస్తకం చదివిన పిల్లలు పదేళ్ల తర్వాత ఈ టర్ఫ్‌లోకి వస్తారు. అప్పటిదాకా ఈ పిల్లగాడు ఏం చేయాలి?

ఏప్రిల్ 3, గురువారం

నేను, పట్నా కుర్రాడు, కరీంనగర్ తమ్ముడు, ముగ్గురం వెళ్లాం. ఆఫీసు టోర్నమెంట్ లేకపోతే మా డబ్బుతో మేమే ఆడతామని, ఈ నెల శనివారాలన్నీ బుక్ చేస్తామని, అంపైర్ మాత్రం అతనే కావాలని చెప్పాం. ఓనర్ కాసేపు ఆలోచించి, "రమ్మంట గని బాల్స్ అందిస్తడు, అంపైరింగ్ వద్దు" అన్నాడు. అంపైరింగ్‌కు మ్యాచ్‌కింత అని విడిగా డబ్బులిస్తారు, ఆ సంగతి పిల్లగాడే చెప్పాడు ఫోన్‌లో. కుదరదన్నాం.

"మళ్ల లొల్లయితే?"

"హమ్ హై నా" అన్నాడు పట్నా కుర్రాడు. కరీంనగర్ తమ్ముడు అదే మాట తెలుగులో ఓనర్‌కు చెప్పాడు, ఆయనకు హిందీ బాగానే వచ్చినా.

రేపటి దాకా టైమడిగాడు. శనివారం తొమ్మిదింటి స్లాట్‌కు అడ్వాన్సు కట్టి వచ్చాం.